పడవ ఎక్కేది ఒకరు, అప్పు తీర్చేది ఇంటిల్లిపాదీ: రోహింగ్యా శిబిరాల్లో అసలు ఏం జరుగుతోంది?

శ్రీలత_సోషల్‌వర్క్:
బంగ్లాదేశ్‌లోని కాక్స్‌బజార్‌లో, మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యాల శిబిరాల్లో మనుషుల అక్రమ రవాణా మీద ప్రాజెక్టు చేస్తున్నాను. పడవల గురించి బోలెడు సమాచారం ఉంది. వెనక మిగిలిన కుటుంబం సంగతేమిటి? ఇంత ప్రమాదమని తెలిసీ ఎందుకు పంపుతారు?

తీరవాసి:
తెలియక కాదండీ, గత్యంతరం లేక. శిబిరంలో పని చేసుకునే హక్కు లేదు. 2023లో నెలకు మనిషికి 12 డాలర్లున్న రేషన్ 8కి పడిపోయింది. దళారీ ఎక్కడివాడో కాదు, చాలాసార్లు అదే బ్లాకువాడు. "ఇప్పుడు కొంచెం ఇవ్వండి, మిగతాది మలేసియా చేరాక" అంటాడు. ఆ "కొంచెం" ఎర మాత్రమే. వానలు తగ్గి సముద్రం నెమ్మదించాక, అక్టోబరు నుంచి టెక్నాఫ్ తీరం వైపు చిన్న పడవల్లో ఎక్కించి నడిసముద్రంలో పెద్ద ట్రాలర్‌లోకి మారుస్తారు. అక్కణ్నుంచి అసలు బేరం మొదలు. ఇంటికి ఫోన్ చేసి, కొడుతూ ఆ ఏడుపు వినిపిస్తారు. డబ్బు మొబైల్ వాలెట్‌లోనో, హుండీలోనో (బ్యాంకుతో పనిలేకుండా చేతులు మారే అనధికార నగదు బదిలీ) పంపాలి. ఒకసారి కట్టగానే వదులుతారని గ్యారంటీ లేదు. ఇంకో ముఠాకు అమ్మేస్తే మళ్లీ ఫోన్.

2015లో థాయ్ సరిహద్దు పడాంగ్ బేసార్‌లో, మలేసియా వైపు వాంగ్ కెలియాన్‌లో సమాధులు బయటపడ్డది ఇలా మనుషులను బంధించి డబ్బు గుంజే అడవి శిబిరాల్లోనే. థాయ్ కోర్టు 2017లో ఏకంగా ఒక లెఫ్టినెంట్ జనరల్‌కు 27 ఏళ్ల శిక్ష వేసింది. దందా మాత్రం ఆగలేదు.

ఇంట్లో ముందు భార్య బంగారం పోతుంది, తర్వాత రేషన్ సరుకులు అమ్ముతారు, ఆపైన అప్పు. అది తీర్చడానికి పిల్లలు ఎండుచేపల పనికి పోతారు.

నూర్జహాన్_బి:
ఆడపిల్లల సంగతి కూడా రాయండి. 2015కు ముందు ఎక్కువగా మగవాళ్లే పోయేవారు. 2020 నాటికి పడవల్లో మూడింట రెండొంతుల దాకా ఆడవాళ్లు, పిల్లలే. శిబిరంలో కట్నం ఇచ్చుకోలేక, మలేసియాలో ఉన్న రోహింగ్యా కుర్రాడితో ఫోన్‌లో సంబంధం ఖాయం చేస్తారు. దారి ఖర్చు అతనే పెడతాడు. మధ్యలో ముఠా రేటు పెంచి, అతను చేతులెత్తేస్తే పిల్లను ఇంకొకరికి అమ్మేస్తారు. పెళ్లయినా కష్టమే: మలేసియా 1951 శరణార్థుల ఒప్పందంలో లేదు కాబట్టి ఆమె ఎవరికి ఫిర్యాదు చేసినా ముందు తన మీదికే వస్తుంది.

గల్లంతైనవాళ్ల ఇళ్లది మరో నరకం. 2023లో సముద్రంలో చనిపోయిన, ఆచూకీ లేని రోహింగ్యాలు 569 మందని ఐరాస శరణార్థి సంస్థ లెక్క. శవం దొరకదు, భార్య వితంతువో కాదో తేలదు.

లాయర్_కరుణ:
ఆధారాలు దాచుకోవడమే ముఖ్యం: ఫోన్ వచ్చిన నంబరు, తేదీ, డబ్బు పంపిన రసీదు, వాయిస్ మెసేజ్. బెదిరింపు రాగానే చాలామంది భయంతో చెరిపేస్తారు. కేసు అక్కడే నీరుగారిపోతుంది. బంగ్లాదేశ్‌లో మనుషుల అక్రమ రవాణాకు వ్యతిరేకంగా 2012 చట్టం ఉంది. కానీ దళారీ పక్క గుడిసెలోనే ఉంటే నోరు విప్పేదెవరు?

మన హైదరాబాద్ బాలాపూర్‌లోని రోహింగ్యా కుటుంబాలకు ఇలాంటి ఫోన్ వస్తే నేరుగా స్టేషన్‌కు పోతే అక్రమ ప్రవేశం కేసు వాళ్ల మీదే పడొచ్చు. ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లమనండి, ఫోన్ 15100. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం అక్రమ రవాణా బాధితులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయర్ ఇవ్వాలి. మైనర్ అయితే చైల్డ్‌లైన్ 1098.