అప్‌డేట్: ఎం390 వద్దనుకుని మాగ్నాకట్ చాకు తీసుకున్నాను

వంటింటి చాకుకు 20 శాతం క్రోమియం ఉన్న ఎం390 ఉక్కు మేలా, 10.7 శాతమే ఉన్న మాగ్నాకట్ మేలా అని వేసవికి ముందు అడిగాను. ఎం390లో కార్బన్ 1.9 శాతం ఉండటంతో క్రోమియంలో చాలా భాగం ఆ కార్బన్‌తో కలిసి కార్బైడ్లు అనే గట్టి రేణువులుగా మారిపోయి తుప్పును ఆపడానికి మిగలదని, 2021లో వచ్చిన మాగ్నాకట్‌లో అది దాదాపు పూర్తిగా ఉక్కులోనే కరిగి ఉంటుందని మీరిచ్చిన వివరణే నన్ను ఒప్పించింది.

మలక్‌పేటలోని మా ఇంట్లో పప్పుకు మామిడికాయ కోసిన చాకును పొరపాటున రాత్రంతా కడగకుండా వదిలేసినా, తెల్లారేసరికి అంచున ఒక్క మచ్చ కూడా కనిపించలేదు. అమ్మ వాడే పాత ఇనుప కత్తి అయితే గంటలోనే నల్లబడేది. అయితే మాగ్నాకట్‌లోని వనాడియం కార్బైడ్లు మామూలు సానరాయి కన్నా గట్టివి కనుక, పదును పెట్టడానికి వజ్రపు రేణువుల పూత ఉన్న డైమండ్ ప్లేటు కొనక తప్పలేదు.