1972 కట్లస్ కారు వారం ఆగితే స్టార్ట్ అవ్వట్లేదు, తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ ముందుగానే థాంక్స్‌గివింగ్ శుభాకాంక్షలు. మేం మిషిగన్‌లో ఉంటాం. మామగారు డెబ్బైల్లో చదువుకోడానికి వచ్చి, ఉద్యోగం రాగానే సెకండ్ హ్యాండ్‌లో కొన్న 1972 ఓల్డ్స్‌మొబైల్ కట్లస్ సుప్రీమ్ ఇంకా మా గరాజ్‌లోనే ఉంది. 350 క్యూబిక్ ఇంచుల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్, ఫోర్ బ్యారెల్ కార్బ్యురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే భాగం, గాలి దారులు నాలుగు). ముందు సీటు ఒకే బెంచీ, ముగ్గురం హాయిగా కూర్చుంటాం. అలాంటి సీటు ఇప్పటి కార్లలో ఏదీ?

రోజూ తీస్తే వెంటనే స్టార్ట్ అవుతుంది. వారం ఆగితే మాత్రం ఎంతసేపు తిప్పినా పలకదు. ఎయిర్ క్లీనర్ మూత తీసి, చోక్ (గాలి దారి మూత) తెరిచి, థ్రాటిల్ (యాక్సిలరేటర్ లివర్) లాగి చూస్తే లోపల చుక్క పెట్రోలు పడట్లేదు. పైనుంచి కాస్త పోస్తే అందుకుంటుంది. బయట కారిన మరకలేం లేవు. కార్బ్యురేటర్ అడుగున రంధ్రాలు మూసే ప్లగ్గుల నుంచి ఇంజిన్‌లోకి దిగిపోతోందా, లేక ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోలు ఆవిరైపోతోందా? కార్బ్యురేటర్ విప్పకుండా తేల్చుకునే దారి ఉందా? ఎలక్ట్రిక్ పెట్రోలు పంపు పెట్టమని ఒకరన్నారు కానీ, ఇంజిన్ తిరిగితేనే పనిచేసే పాత మెకానికల్ పంపు తీసేయడానికి మనసొప్పట్లేదు.

రోడ్ల మీద ఉప్పు చల్లడం మొదలవకముందే మామగారిని డెట్రాయిట్‌లో పాత కార్ల షికార్లకి పేరున్న వుడ్‌వర్డ్ అవెన్యూ మీద ఒక రౌండు తిప్పాలని ఉంది. ఇలాంటి బండి నడిపినవాళ్లు దయచేసి చెప్పండి.