ఓరుగల్లు తోరణం: గళ్లు గీసి దించాలా, చూసి గీయాలా?

గళ్లకాగితం:
ఇంటి దగ్గరే చదివే 8–11 ఏళ్ల పిల్లలకు వరంగల్ కోట చరిత్ర బొమ్మలతో చెప్పేవాళ్లకు నా సలహా గళ్ల పద్ధతే. తోరణం ఫొటో మీద 2 సెం.మీ. గళ్లు, ఏ4 కాగితం మీద అవే గళ్లు. వట్టి చేత్తో గీయమంటే స్తంభం అడుగున నగిషీతో మొదలుపెడతారు. దూలం దగ్గరికొచ్చేసరికి కాగితం అయిపోతుంది, పైనున్న హంసలకు చోటుండదు.

నల్లరాయి:
గళ్లు వద్దండీ. పిల్ల గడిని చూస్తుంది, తోరణాన్ని చూడదు. కాగితం చాలకపోతే ముందు పైన ఒక గీత, అడుగున ఒక గీత, నడుమ ఒక నిలువు గీత పెట్టించండి. చెయ్యి చాచి పెన్సిల్‌తో ఎత్తూ వెడల్పూ పోల్చుకున్నాకే స్తంభాలు. తోరణం ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో కూర్చోబెట్టాలి. మరీ దగ్గరైతే పైభాగం కుదించుకుపోతుంది. పొద్దుటి ఏటవాలు ఎండలోనే వెళ్లండి, మధ్యాహ్నం చెక్కడమంతా చదునుగా కనిపిస్తుంది. 2బి పెన్సిల్ చాలు. రబ్బరు ఇంట్లో వదిలెయ్యండి.

గళ్లకాగితం:
అందరూ వరంగల్‌లో ఉండరు. డల్లాస్‌లో ఉన్నవాళ్లు ఫొటో కాక ఏం చూస్తారు?

నల్లరాయి:
వాళ్ల ఊరి చరిత్ర డల్లాస్‌ది. అక్కడ గీయించమనండి. ఫొటో ఇచ్చినా పిల్లలు గీసేది తెలంగాణ రాజముద్రలో చూసిన ఆకారమే. దూలం కింద ఏటవాలు రాళ్లు ఎటు వాలాయో అడగండి, చెప్పలేరు.

టీకప్పు:
గళ్ల దగ్గరే తెల్లారేలా ఉంది 🙂

శాసనప్రియ:
మీ ఇద్దరిదీ డ్రాయింగ్ క్లాసే. చరిత్ర ఏదీ? నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు ఎందుకున్నాయి? మధ్యలో స్వయంభూ శివాలయం ఉండేది కాబట్టి. 1323లో కోట ఢిల్లీ సైన్యం చేతికి చిక్కాక అది నేలమట్టమైంది. ముందు పైనుంచి చూసినట్టు కోట పటం గీయించండి: బయట మట్టికోట, లోపల రాతికోట, నట్టనడుమ నాలుగు తోరణాలు. రాతిగోడ గణపతిదేవుడి కాలంలో మొదలై రుద్రమదేవి కాలంలో పూర్తయింది, దానికి వేరే రంగు. అప్పుడు నడిమి ఖాళీ కళ్లకు కనబడుతుంది.

గళ్లకాగితం:
ఆ ఖాళీలో గుడి కూడా గీయిస్తే పోలా? రామప్ప (1213) కాకతీయుల కాలానిదేగా, దాన్ని చూసి పెట్టించొచ్చు.

శాసనప్రియ:
అదే వద్దంటున్నా! రామప్పను ఎత్తుకొచ్చి ఇక్కడ పెట్టడానికి ఆధారం ఏంటి?

నల్లరాయి:
ఇక్కడ నేను గళ్లకాగితం గారి పక్షమే. ఎనిమిదేళ్ల పిల్లకు ఖాళీ చూపించి ఏం నేర్పుతారు? చుక్కల గీతతో ఊహించుకోనివ్వండి.

శాసనప్రియ:
చుక్కలు మూడు రోజులుంటాయి. తర్వాత ఎవరో పెద్దవాళ్లు వాటి మీద గట్టి గీత లాగుతారు. ఒక వేసవి శిబిరంలో మా పాప వదిలిన ఖాళీని నిర్వాహకులే నింపేసి, కింద పాప పేరు రాసి గోడకు అంటించారు. ఇప్పుడది ‘అసలు గుడి ఇదే’ అని వాట్సాప్‌లో తిరుగుతోంది.

నల్లరాయి:
అంటే మీ కోపం ఊహ మీద కాదు, పెద్దల దిద్దుబాటు మీద. మొదటే అనాల్సింది.

శాసనప్రియ:
రెండూ ఒకటే. ఆధారం లేని గీత ఎవరు గీసినా చరిత్ర కాదు. కళ్లతో చూసింది నల్ల పెన్సిల్‌తో, పడి ఉన్న రాళ్లను బట్టి లెక్కగట్టింది ఎర్ర పెన్సిల్‌తో, మిగతాది ఖాళీ. అక్కడ స్తంభాల ముక్కలు, కప్పు రాళ్లు చాలా పడున్నాయి, వాటిని గీయించండి. పెద్దల చెయ్యి పడితే కాగితం వెనక ఆ సంగతి రాయాలి.

గళ్లకాగితం:
ఎర్ర పెన్సిల్‌కు ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్) సెకండరీలో, అంటే పదో తరగతి పరీక్షలో, మార్కులేస్తారా?

టీకప్పు:
దానికి 14 నిండాలి సార్. ఇక్కడ మాట ఎనిమిదేళ్ల పిల్లల గురించి.

కొత్తమ్మ:
చెక్కడాల మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దించొచ్చా?

శాసనప్రియ:
వద్దమ్మా. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం, అనుమతి లేకుండా అచ్చు తీయకూడదు. ఇంట్లో రూపాయి బిళ్ల మీద రుద్దించండి.

నల్లరాయి:
ఎర్ర పెన్సిల్ వరకు సరే. ఖాళీకి మాత్రం ఒప్పుకోను. పిల్ల గుడి గీస్తానంటే నేనైతే కాగితం లాక్కోను.