‘నొక్కు’ అనాలా, ‘మీటు’ అనాలా?

ప్రశ్న: పియానోలో ఒకే స్వరాన్ని వెంటవెంటనే వాయిస్తే రిపీటెడ్ నోట్స్ అంటారు. తెలుగులో వీటిని జంట స్వరాలు అనవచ్చా? పిల్లలకు తెలుగులోనే పాఠం చెబుతున్నాను. ‘మళ్ళీ మళ్ళీ నొక్కు’ అంటుంటే వాళ్ళ చేతులు బిగుసుకుపోతున్నాయి.

జవాబు: జంట స్వరాలు వద్దండీ. ఆ మాట వినగానే కర్ణాటక సంగీతం తొలి పాఠాల్లోని జంట వరసలు, ‘సస రిరి గగ’ గుర్తొస్తాయి. జంట అంటే రెండే. పియానోలో అదే స్వరం మూడుసార్లు, ఆరుసార్లు కూడా రావచ్చు. పైగా జంట వరసల్లో రెండో స్వరాన్ని నొక్కి పాడమంటారు, ఇక్కడ ఆ నియమం లేదు. వ్యాకరణంలోని ఆమ్రేడితం కూడా కుదరదు, రెండుసార్లు పలికిన మాటలో రెండోదానికే ఆ పేరు. రాతలో ‘పునరావృత స్వరాలు’ అనండి, నోటితో ‘అదే స్వరం మళ్ళీ’ అంటే చాలు.

అసలు విషయం మీ చివరి వాక్యంలో ఉంది. బటన్ నొక్కుతాం, గాయాన్ని నొక్కి పట్టుకుంటాం. ‘నొక్కు’లో కిందికి బలం పెట్టడమే ఉంది, వదలడం లేదు. పిల్లలు ఆ మాటనే చేతుల్లోకి తీసుకుంటున్నారు. స్వరం మళ్ళీ పలకాలంటే వదలడమే ముఖ్యం. మెట్టు (కీ) పైకి లేస్తేనే లోపలి సుత్తి మళ్ళీ తీగను కొట్టగలదు. నిలువు పియానోలో మెట్టు దాదాపు పూర్తిగా లేవాలి. గ్రాండ్ పియానోలో కొంత లేచినా సరిపోతుంది. పియానోల తయారీదారు సెబాస్టియన్ ఎరార్ కనిపెట్టగా 1821లో పేటెంట్ పొందిన అమరిక వల్ల వచ్చిన సౌకర్యం అది.

అందుకే నేను ‘మీటు’ అంటాను. వీణ మీటేటప్పుడు వేలు తీగను తాకి, జారి, వదిలేస్తుంది. తాకడం, వదలడం రెండూ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి. పియానోలో మూడో వేలు, అంటే నడిమి వేలు, మెట్టును తాకి అరచేతి వైపు జారుతుంది, ఆ ఖాళీలోకి రెండో వేలు (చూపుడు వేలు) వస్తుంది, తర్వాత బొటనవేలు. ఒకే వేలితో పొడుస్తూ ఉంటే వేగం పెరిగేకొద్దీ ముంజేయి అలిసిపోతుంది.

ప్రశ్న: మరి పియానోలో తీగను కొట్టేది సుత్తి కదండీ? మీటడం అంటే తప్పు కాదా?

జవాబు: మంచి అభ్యంతరం. తీగను నిజంగా మీటేది హార్ప్సికార్డ్ అనే పాతకాలపు మెట్ల వాద్యం, పియానో కాదు. కానీ నేను చెబుతున్నది తీగ సంగతి కాదు, వేలి సంగతి. మెట్టునే చాలామంది ‘మీట’ అంటారు కాబట్టి పిల్లలకు ఈ మాట కొత్తగా కూడా అనిపించదు.

ఒక్క జాగ్రత్త. ‘మీటు’ అనగానే కొందరు వేలిని బాగా పైకెత్తి లాగుతారు. వేలు మెట్టుకు దగ్గరగానే ఉండాలి, మణికట్టు వదులుగా ఉండాలి. మొదట ఒక్కో స్వరానికీ మధ్య మెట్టు లేచిన చప్పుడు వినిపించేంత నిదానంగా వాయించమనండి. మూడు వేళ్ళ స్వరాలూ ఒకే బలంతో వినిపించాకే వేగం పెంచండి. బొటనవేలి స్వరమే ముందు గట్టిగా వచ్చేస్తుంది, చెవి దానిమీదే ఉంచండి.