పాత పల్లె చర్చి గోడ: సున్నం ఉంచాలా, గీకి రాయి చూపించాలా?

రాతిప్రియ:
ఇంగ్లండ్, వేల్స్ పల్లెల్లోని పాత రాతి చర్చిల ఫొటోలు తెగ చూస్తుంటాను. కొన్నిట్లో లోపలి గోడలకు తెల్లగా వెల్ల వేసి ఉంటుంది, కొన్నిట్లో రాయి కనబడుతుంది. ఆ సున్నం గీకేస్తే 800 ఏళ్ల నాటి అసలు చర్చి బయటపడుతుందని నా నమ్మకం. అంత చక్కటి రాతిపనిని దాచడం ఎందుకు?

వెల్లగోడ:
మీరు అసలైనదనుకుంటున్నది అసలైనది కాదండీ. పల్లె చర్చి గోడల్లో ఎక్కువభాగం చెక్కని రాళ్లే. దొరికిన రాయి దొరికినట్టు పేర్చి, సందుల్లో సున్నం కూరి, పైన గచ్చు పూసి వెల్ల వేసేవాళ్లు. చెక్కుడు రాయి మూలలకూ, కిటికీలకూ, కమానులకూ వాడేవాళ్లు. రాయి కనబడాలన్న మోజు 19వ శతాబ్దంలో మరమ్మతులు చేసినవాళ్లది. ఆ గీకుడు చూడలేకే ఇంగ్లిష్ కవి, డిజైనర్ విలియం మారిస్ 1877లో పాత కట్టడాల రక్షణ సంఘం పెట్టాడు. గచ్చుతోపాటు దాని మీది బొమ్మలూ రాలిపోయాయి, అదీ నా బాధ.
వేల్స్‌లోని లాన్‌కార్ఫాన్ చర్చి చూడండి. గోడ మీద సన్నటి ఎర్ర గీత ఒకటి కనబడింది. 2008లో పని మొదలుపెడితే వెల్ల పొరల కింద గుర్రం మీద సెయింట్ జార్జి, డ్రాగన్, కోట మీంచి చూస్తున్న రాజూ రాణీ! ఎవరో ముందే గీకేసి ఉంటే ఏం మిగిలేది?

రాతిప్రియ:
గీకారు కాబట్టే కదా దొరికింది! యార్క్‌షైర్‌లోని పికరింగ్‌లో 1852లో బొమ్మలు బయటపడితే పాస్టరుగారు మళ్లీ వెల్ల వేయించారు. అది మంచిపనేనా?

వెల్లగోడ:
కాదు. కానీ లాన్‌కార్ఫాన్‌లో సర్జరీ కత్తితో పొర పొరగా ఒలిచి, బొమ్మ దగ్గర ఆగారు. రాయి దాకా పోలేదు. పైగా ఆ వెల్ల కూడా ఊరికే పడలేదు. 1547 తర్వాత ఇంగ్లండ్ రాజు ఆరో ఎడ్వర్డ్ కాలంలో చర్చి బొమ్మలు చెరిపేయమన్నారు, చాలాచోట్ల సున్నం కొట్టి ఊరుకున్నారు. చెరపడానికి వేసిన సున్నమే వాటిని కాపాడింది.

గచ్చుపని:
అందం సంగతి సరే, చెమ్మ మాటేమిటి? సున్నం చెమ్మను పీల్చి మళ్లీ గాలికి వదిలేస్తుంది. గీకిన గోడల సందుల్లో తర్వాత సిమెంటు నింపినచోట ఆ దారి మూసుకుపోయింది. నీళ్లు రాయిలోంచే బయటికి రావాలి. మెత్తటి రాయైతే పొడిపొడిగా రాలి, సిమెంటు గీతలు మాత్రం పక్కటెముకల్లా నిలబడతాయి.

రాతిప్రియ:
బొమ్మ ఉందో లేదో చూడకుండా గోడ మీద ఉలి పెట్టకూడదు, ఒప్పుకున్నాను. సిమెంటు తీసేయాలన్నదీ ఒప్పుకుంటాను. మరి 150 ఏళ్ల కిందటే గీకేసిన గోడకి ఇప్పుడు మళ్లీ గచ్చు పూయాలా? ఆ ఊరివాళ్లు తాతల కాలం నుంచీ చూస్తున్నది రాతిగోడే. వాళ్లకి అదే వాళ్ల చర్చి.

వెల్లగోడ:
గోడ పొడిగా ఉంటే నేనైతే ముట్టుకోను. తడిగా ఉంటే పూయమంటాను, సున్నంతోనే.