సంతలో మట్టి ఆరని నాణేలు: కొనాలా, వదిలెయ్యాలా?

పాలమూరు బిళ్ళలు:
అందరికీ నమస్తే. పెబ్బేరు శనివారం సంతలో పాత సామాన్లు పరిచే ఒకతని దగ్గర ఆగడం నాకు అలవాటు. అతని గోనెపట్టా మీద సరుకు ఎప్పుడూ దాదాపు ఒకటే. బొక్క పైసలు, తామర పువ్వు ఇరవై పైసలు, దుబాయ్, సౌదీ పోయొచ్చినవాళ్ళ ఇళ్ళలోంచి వచ్చిన దిర్హమ్‌లు, హలాలాలు, అదృష్టం బాగుంటే నిజాం కాలపు చార్మినార్ బిళ్ళ ఒకటి. మొన్న మాత్రం పక్కన పెట్టిన ప్లాస్టిక్ సంచి తీసి చూపించాడు. నిండా సీసం నాణేలు. అన్నీ ఒకే రకం, గోరంత సైజు, ఒకవైపు ఏనుగు బొమ్మ. ఏనుగు కాళ్ళ సందుల్లో ఎర్రమట్టి ఇంకా తడిగానే ఉంది. ఎక్కడివంటే "చేన్ల దొరికినయి సార్, అన్ని తీస్కుంటే తక్కువకిస్త" అన్నాడు. ఏ ఊరి చేనో అడిగితే మాట మార్చాడు.

నేను కొనకుండా వచ్చేశాను కానీ మనసు అక్కడే ఉంది. "మనం కొనకపోతే కరిగించేస్తారు, కొని కాపాడటమే పుణ్యం" అంటాడు మా వనపర్తి దోస్తు. "నువ్వు కొన్నావంటే తవ్వినోడికి కూలి ఇచ్చినట్టే" అంటుంది మా అక్క. ఇద్దరి మాటా నిజమే అనిపిస్తోంది. వచ్చే శనివారం మళ్ళీ పోతాను. మీరైతే ఏం చేస్తారు?

హాలి సిక్కా:
కొను తమ్ముడూ. బేరం కూడా ఆడకు, కొనెయ్.

నేను నిజాం నాణేల మీద పనిచేసేవాణ్ణి. చార్మినార్ బొమ్మ దర్వాజాలో "మీమ్" అనే ఉర్దూ అక్షరం ఉంటే మహబూబ్ అలీ ఖాన్ ది, "ఐన్" ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్ ది అని ఇవాళ పిల్లలకు కూడా చెప్పగలుగుతున్నాం అంటే, ఆ బిళ్ళలు మన చేతిలో ఉన్నాయి కాబట్టే. మన మహబూబ్‌నగర్ జిల్లాకు ఏ నవాబు పేరు పెట్టారో ఆయన కాలపు రూపాయి మన ఊళ్ళో ఎంతమంది ఇళ్ళలో ఉంది? వాటిని నిలబెట్టింది హైదరాబాద్‌లో పాత సామాన్లు అమ్మే జుమ్మేరాత్ బజారులో కూర్చున్న కబాడీ వాళ్ళు, వాళ్ళ దగ్గర కొన్న మనలాంటివాళ్ళు. నారాయణపేటలో, వనపర్తి సంస్థానంలో కూడా ఒకప్పుడు టంకశాలలు నడిచాయని ఆ ఊళ్ళవాళ్ళకే తెలియదు. అక్కడ కొట్టిన రూపాయిని నేను మొదటిసారి చూసింది నాణేలు సేకరించే ఒక ముసలాయన ఇంట్లో, అదీ ఆయన సంతలో ఏరుకున్నదే.

నాణెం ఒకసారి మూసలో పడిందంటే చరిత్ర అక్కడితో ఖతం. ముందు దాన్ని బతికించు, నీతి సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

అవుసుల బిడ్డ:
హాలి సిక్కా అన్నా, మూస మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. మాది అవుసుల ఇల్లు, అంటే కంసాలివాళ్ళం, నల్గొండలో. కరిగించడం నిజమే, కానీ అది వెండి బిళ్ళల కథ. రాణి బిళ్ళ, అంటే విక్టోరియా బొమ్మ ఉన్న రూపాయి, 11.66 గ్రాములు, నూటికి దాదాపు 92 వంతులు వెండి. చార్మినార్ రూపాయి కొంచెం తేలిక, అందులో వెండి 82 వంతుల లోపే. అందుకే మా నాన్న రెండిటికీ వేరు వేరు రేటు కట్టేవాడు. వెండి ధర ఎక్కినప్పుడల్లా దేవరకొండ తండాల నుంచి రూపాయల దండలు వస్తాయి. ప్రతి బిళ్ళ నెత్తిన కొక్కెం అతికి ఉంటుంది. అతుకు పడ్డ బిళ్ళను నాణేలు సేకరించేవాళ్ళు పెద్దగా అడగరు, అందుకే నేరుగా మూసలోకి పోతుంది. వాటిని కాపాడాలంటే కాపాడండి, మీకు దండం పెడతాను.

కానీ సీసం కరిగించమని మా దుకాణానికి ఎవరూ రారు. ఆ సంచిని "కరిగిస్తారు" అన్న భయంతో కొనక్కర్లేదు.

కృష్ణ ఒడ్డు:
అక్కా, అవుసులోళ్ళ దగ్గరికి రాదేమో కానీ మా బీచుపల్లి వైపు వలలకు సీసం గుండ్లు కడతారు. పాత సీసం ఏది దొరికినా గంటెలో పెట్టి కరిగించి గుండ్లు పోసుకుంటారు. అది నాణెమా, పైపు ముక్కా అని చూసే తీరిక ఎవరికీ ఉండదు. కాబట్టి భయం ఉత్తదేం కాదు.

దేవరకొండ టీచర్:
తమ్ముడు పాలమూరు, నువ్వు కొనకుండా రావడమే సరైన పని అని నా గట్టి అభిప్రాయం. ఎందుకో వివరంగా చెప్తాను, ఎందుకంటే "చరిత్రను కాపాడటం" అనే మాటను మనం చాలా తేలిగ్గా వాడేస్తున్నాం.

2024లో ఫణిగిరిలో వారసత్వ శాఖ తవ్వకాల్లో ఒక కుండ దొరికింది. మన పాత నల్గొండ జిల్లాలోదే ఆ ఊరు, ఇప్పుడు సూర్యాపేట. కుండలో 3,730 సీసం నాణేలు. ఒక్కోటి సగటున 2.3 గ్రాములు, ఒకవైపు ఏనుగు, ఇంకోవైపు ఉజ్జయిని గుర్తు, అంటే నాలుగు కొసల్లో సున్నాలున్న కూడిక గుర్తులాంటిది. నువ్వు చూసినవి కూడా ఆ జాతివే అయి ఉండొచ్చు. అవి శాతవాహనుల తర్వాత ఏలిన ఇక్ష్వాకుల కాలానివని, బౌద్ధ విహారంలో దాచినవని ఎలా చెప్పగలిగారు? కుండ ఏ గది దగ్గర ఉంది, ఎంత లోతులో ఉంది, మూతి ఎలా మూసి ఉంది, చుట్టూ ఇంకేం దొరికాయి అని కాగితం మీదికి ఎక్కింది కాబట్టి. భిక్షువుల విహారంలో ఇంత డబ్బు ఎందుకుంది అని ఇవాళ మనం అడగగలుగుతున్నాం. ఆ ప్రశ్న పుట్టించింది కుండ ఉన్న చోటు. అవే 3,730 నాణేలు పదేసి, ఇరవయ్యేసి చొప్పున పెబ్బేరులో, జుమ్మేరాత్ బజారులో అమ్ముడుపోయి ఉంటే మన ఆల్బమ్‌లలో ఏనుగు బొమ్మలు మిగిలేవి, విహారం సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

ఇంకోటి. ఈ వేదికలో విదేశీ నాణేల మోజు ఉన్నవాళ్ళు చాలామంది. మన నల్గొండ అక్కెనపల్లిలో 1,531 రోమన్ వెండి నాణేలు ఒకేచోట దొరికాయి, అగస్టస్, టిబేరియస్ చక్రవర్తులవి. రెండు వేల ఏళ్ళ కిందటి పరదేశపు సొమ్ము మన చెలకల్లో! అది మొత్తంగా లెక్కకు వచ్చింది కాబట్టే పశ్చిమ తీరం రేవుల నుంచి, తూర్పు తీరం నుంచి వర్తకం లోపలి దాకా ఎలా పారిందో మాట్లాడేటప్పుడు ప్రపంచంలో ఎవరైనా నల్గొండ పేరు ఎత్తాల్సి వస్తోంది. అందులోంచి ఒక్క నాణెం మన బీరువాలో ఉంటే మనకు గర్వంగానే ఉంటుంది, కానీ నల్గొండ పేరు మాత్రం ఆ చర్చలోంచి జారిపోతుంది.

హాలి సిక్కా అన్న చెప్పిన చార్మినార్ బిళ్ళల సంగతి వేరు. అవి ఇళ్ళలోంచి వస్తాయి. మీలో ఎవరైనా లెన్స్ కింద పెట్టి చూశారా? అక్షరాల గుంటల్లో పసుపు, కుంకుమ ఇరుక్కుని ఉంటుంది, ధనలక్ష్మి పూజలో పెట్టినవి కదా. అంచులు చేతులు మారి మారి నున్నగా అయి ఉంటాయి. ఒక సంచిలో పది రకాల సంవత్సరాలు కలిసి ఉంటాయి. మట్టిలోంచి కొత్తగా వచ్చినవి అలా ఉండవు. అన్నీ ఒకే రకం, ఒకే రంగు పొర, గుంటల్లో ఒకే మట్టి. ఆ తేడా తెలిశాక కూడా "నాకేం తెలుసు, సంతలో కొన్నా" అనడం న్యాయం కాదు.

చివరగా అతను అన్న మాట చూడండి, "అన్ని తీస్కుంటే తక్కువకిస్త". ఈ సంచి అమ్ముడైతే రేపు ఇంకో సంచి కోసం ఎక్కడో గడ్డపార దిగుతుంది. మా పక్క ఊరి పాత శివాలయంలో గుప్తనిధుల కోసం నందిని పెళ్ళగించి, గర్భగుడి రాళ్ళు తీసి పోయారు. అక్కడ వాళ్ళకు బంగారం దొరికిందో లేదో కానీ పూజ మాత్రం ఆగిపోయింది. కొనేవాడు ఉన్నంతకాలం తవ్వేవాడు ఉంటాడు.

హాలి సిక్కా:
టీచర్ గారూ, మీ బాధ నాకు అర్థమైంది, నంది సంగతి చదివి నాకూ కడుపు మండింది. కానీ మీరు చెప్పినవి శాఖ వాళ్ళు పద్ధతిగా తవ్వినవి. సంచిలోకి వచ్చేసిన నాణేలకు ఆ చోటు ఇప్పటికే పోయింది. నేను కొన్నా, కొనకపోయినా అది తిరిగి రాదు. మిగిలింది నాణెం ఒక్కటే. దాన్నైనా ఉంచుకోవద్దా?

పాలమూరు బిళ్ళలు:
అన్నా, నాకు సరిగ్గా అక్కడే చిక్కు పడుతోంది. అసలు చట్టం ఏమంటుంది? కొంటే నా మీద కేసు అవుతుందా?

నల్గొండ లాయర్:
క్లుప్తంగా చెప్తాను. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ నడుస్తోంది. నేలలో దాగి ఉన్న విలువైనది ఏదైనా, పది రూపాయలకు మించితే, దొరికినవాడు జిల్లా కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. తెలపకపోతే అతని వాటా పోతుంది, ఏడాది దాకా జైలు లేదా జరిమానా, లేదా రెండూ. తెలిపితే, పాత యజమాని ఎవరూ లేరని తేలాక, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవాడికి మూడొంతులు, భూమి యజమానికి ఒక వంతు. ఈ బాధ్యత దొరికినవాడిది. కొన్నవాడిది కాదు.

కొన్నవాడికి చిక్కు వేరేచోట ఉంది. గుడిలోనో, కోటలోనో దొంగతనంగా తవ్వి తీసినవని తెలిసీ కొంటే దొంగసొత్తు తీసుకున్న నేరం అవుతుంది, భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్. ఇంకా 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువు. దాన్ని దేశం దాటించకూడదు, వ్యాపారంగా అమ్మాలంటే లైసెన్సు కావాలి. హిజ్రీ 1330 చార్మినార్ రూపాయి, అంటే 1911-12 ది, ఇప్పుడు ఆ లెక్కలోకి వచ్చేసింది. ఇంట్లో దాచుకుని చూసుకునేవాళ్ళు కంగారు పడక్కర్లేదు. ఆన్‌లైన్‌లో బయటి దేశానికి పంపేవాళ్ళు మాత్రం జాగ్రత్త.

హాలి సిక్కా:
లాయర్ గారూ, ఆ ట్రెజర్ ట్రోవ్ చట్టంలోనే ఇంకో సెక్షన్ ఉంది, అదీ చెప్పండి. ప్రభుత్వం ఉంచుకోవాలనుకుంటే ఇచ్చేది లోహం ఖరీదు, దాని మీద ఐదో వంతు అదనం. ఫణిగిరి కుండనే లెక్క వేద్దాం. 3,730 నాణేలు, 2.3 గ్రాముల చొప్పున ఎనిమిదిన్నర కిలోల సీసం. పాత సీసం రేటుకు కట్టి పైన ఐదో వంతు కలిపినా రైతుకు బోరు మోటారు రిపేరు ఖర్చు రాదు. దానికోసం అతను పనులు మానుకుని ఆఫీసుల చుట్టూ తిరగాలి, చేనులో తవ్వకాలు మొదలవుతాయేమో అని టెన్షన్ పడాలి. సంతలో అయితే అదే పూట చేతికి పైసలు. తప్పు రైతుది అంటారా, నాది అంటారా? ధర కట్టడం రాని చట్టానిది.

దేవరకొండ టీచర్:
ఈ మాటతో నాకు పేచీ లేదు అన్నా. సీసానికి సీసం ధర కట్టడం అన్యాయం. నాణెం విలువ కట్టి ఇవ్వాలి, రైతు పేరు మ్యూజియంలో నాణేల పక్కన రాయాలి. దీనిమీద మనం అర్జీ పెడదామంటే మొదటి సంతకం నాది.

కానీ ఒక తేడా మీరు పక్కన పెట్టేస్తున్నారు. నాగలికి తగిలి దొరికిన రైతు ఊరి పేరు దాచడు, గర్వంగా చెప్తాడు. ఊరు అడగ్గానే మాట మార్చేవాడు రైతు అయ్యుండడు. "చోటు ఎలాగూ పోయింది" అన్నారు. ఈ సంచికి పోయింది, నిజమే. మిగతా సగం కుండ ఇంకా నేలలోనే ఉందేమో? ఆ చోటు ఇంకా పోలేదు. మీరు సంచి కొంటే అతను రాత్రికి తిరిగి అక్కడికే పోతాడు.

అవుసుల బిడ్డ:
ఇంకో సంగతి మరవకండి, అవి అసలువేనా? మట్టి పూయడం ఎంతసేపు? రామదర్బార్ బొమ్మతో "1818 ఈస్ట్ ఇండియా కంపెనీ" అని రాసి ఉన్న బిళ్ళలు పట్టుకుని మా దుకాణానికి ఇప్పటికీ వస్తారు, లక్షలు పలుకుతుందని ఎవరో చెప్పారట. కంపెనీ అలాంటి నాణెం ఎప్పుడూ వెయ్యలేదు. పైసలు పోగొట్టుకున్నవాళ్ళ ముఖం చూడలేం. అసలువైనా, నకిలీవైనా సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. పాత సీసం మీద పట్టే తెల్ల పొడి మంచిది కాదు, పిల్లలకు అస్సలు ఇవ్వకండి.

పాలమూరు బిళ్ళలు:
అందరికీ థ్యాంక్స్. టీచర్ గారి చివరి మాట నాకు పట్టేసింది, మిగతా కుండ నేలలోనే ఉండొచ్చన్నది. శనివారం పోయి సంచి మాత్రం కొనను. అతను ఒప్పుకుంటే రెండు వైపులా ఫోటో తీస్తాను, తూకం చూస్తాను. ఊరి పేరు మెల్లగా రాబడతాను. ఒకవేళ నిజంగా రైతే అయితే అతని తరఫున దరఖాస్తు నేనే రాసిపెడతాను. అందులో ఏమేం ఉండాలి లాయర్ సార్?

హాలి సిక్కా:
తమ్ముడూ, నువ్వు ఫోటో తీసే లోపల ఇంకొకడు సంచి ఎత్తుకుపోతాడు. నేనైతే కొని, ఫోటోలు, తూకం అన్నీ ఇక్కడ పెట్టి, తర్వాత మ్యూజియానికి ఇస్తాను. నా మాట మారదు. కానీ ఊరు తెలిస్తే చెప్పు, దరఖాస్తుతో పాటు ఆఫీసుకు నేనూ వస్తాను.

నల్గొండ లాయర్:
మూడు సంగతులు తప్పనిసరి. దొరికినవి ఏమిటి, ఎన్ని లేదా సుమారు ఎంత విలువ. ఎక్కడ దొరికాయి, సర్వే నంబర్‌తో. ఏ తేదీన దొరికాయి. దాంతోపాటు వాటిని దగ్గరి ప్రభుత్వ ట్రెజరీలో జమ చెయ్యాలి, లేదా అడిగినప్పుడు చూపిస్తానని కలెక్టర్‌కు పూచీ ఇవ్వాలి. దరఖాస్తు రెండు కాపీలు తీసి ఒకదాని మీద స్టాంపు వేయించుకోండి, అది రైతు దగ్గరే ఉండాలి. నాణేలను చింతపండుతో తోమకండి, ఉన్న మట్టితోనే ఇవ్వండి.