గయానా తీరంలో ఎస్టేట్లు రిబ్బన్లలా ఎందుకున్నాయి?

మట్టివాసన:
శాటిలైట్ మ్యాప్‌లో దక్షిణ అమెరికాలోని గయానా చూస్తున్నా. రాజధాని జార్జ్‌టౌన్‌కి తూర్పున విక్టోరియా అని ఊరుంది, ఒకప్పుడు నార్త్‌బ్రూక్ అనే ప్లాంటేషన్ అంట. అదీ దాని పక్కనవీ అన్నీ సముద్రం వైపు సన్నగా, లోపలికి మైళ్ళకొద్దీ పొడుగ్గా ఉన్నాయి. ఇలా ఎందుకు కోశారు? పోటప్పుడు ఆ నేల సముద్రం కన్నా కిందే ఉంటుందంట కదా, అక్కడ చెరకెలా పండించారండీ?

రాళ్ళూరప్పలూ:
ఆ నేల చాలావరకు అమెజాన్ తెచ్చిన ఒండ్రండి. నది సముద్రంలో వదిలిన బురదలో కొంత ఒడ్డు వెంబడే పడమరకి మేటలు మేటలుగా జరుగుతూ వస్తుంది, ఏడాదికి సగటున కిలోమీటరు పైనే, మేట ఎదురుగా ఉన్నన్నాళ్ళు అలల జోరు దానిమీదే తగ్గిపోయి ఒడ్డు పెరుగుతుంది మడచెట్లు లేస్తాయి, అది దాటిపోయాక అదే ఒడ్డుని సముద్రం కోసేస్తుంది. ముందు బంకమట్టి, అక్కడక్కడా పాత ఇసుకదిబ్బలు, వెనక ఆకు కుళ్ళి పేరుకున్న నల్లనేల (అక్కడ పెగాస్ అంటారు), ఆ వెనక తెల్ల ఇసుక. నిలువుగా కోస్తే ప్రతి ఎస్టేట్‌కీ ముందు మురుగు వదలడానికి సముద్రం, వెనక చిత్తడినేలల మంచినీళ్ళు రెండూ దక్కుతాయి.

లంకపిల్లోడు:
మాది కోనసీమ, ఈ లెక్క నాకు వెంటనే అర్థమైంది. సముద్రం వైపు గట్టు, వెనక గట్టు, మధ్యలో కాలువలు, చివర తూము. దాన్ని వాళ్ళు కోకర్ అంటారు, డచ్చివాళ్ళ మాట. ఆటుకి తలుపు ఎత్తి మురుగు వదులుతారు, పోటుకి దించేస్తారు.

పాతకాగితం:
ఎవరు తవ్వారో కూడా చెప్పుకోవాలండీ. చదరపు మైలు చెరకుకి 49 మైళ్ళ మురుగు కాలువలు, 16 మైళ్ళ ఎగువ కాలువలు ఉన్నాయని 1948లో ఒక కమిషన్ లెక్కేసింది. తీరం మొత్తమ్మీద ఈ కాలువల కోసం బానిసలు పారలతో 10 కోట్ల టన్నుల తడి బంకమట్టి ఎత్తిపోశారని చరిత్రకారుడు వాల్టర్ రాడ్నీ అంచనా. 1838లో పూర్తిగా విడుదలయ్యాక, 1839 నవంబర్‌లో 83 మంది డబ్బులు పోగేసి 30,000 గిల్డర్లకి ఆ నార్త్‌బ్రూక్‌నే కొన్నారు, విక్టోరియా అని పేరు పెట్టుకున్నారు. నాకైతే ఆ తీరంలో అన్నిటికన్నా గొప్ప విషయం ఇదే. కష్టం మాత్రం తీరలేదు, ఒక్క యజమాని చేతిలో నడిచేలా కట్టిన కాలువలూ కోకర్లూ చిన్న చిన్న కమతాల వాళ్ళే బాగుచేసుకోవాల్సి వచ్చింది, వాన గట్టిగా పడితే పొలాలు మునిగేవి. తర్వాత ఎస్టేట్లలో పార పట్టింది మన దేశపు కూలీలు, 1917 దాకా దాదాపు 2,39,000 మంది. మద్రాసు రేవు నుంచి వెళ్ళినవాళ్ళలో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు, అక్కడ అందర్నీ కలిపి మద్రాసీలనే రాసేశారు.

మట్టివాసన:
మద్రాసీల్లో మనవాళ్ళున్నారని ఇప్పుడే తెలిసింది. విక్టోరియా కోకర్ ఎక్కడుందో మ్యాప్‌లో వెతుకుతున్నా.